పాల్ మెకార్ట్నీ తీసిన 1963–64 నాటి ఫొటోలు: లండన్ ప్రదర్శన గురించి చర్చ

థేమ్స్‌తీరం (లండన్)
9 జూలై 2023

నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ మూడేళ్ళ మరమ్మతుల తరువాత జూన్ 22న మళ్ళీ తెరుచుకున్నది. వారం తిరగకుండానే, జూన్ 28న, అక్కడ బీటిల్స్ బృందంలోని గాయకుడు పాల్ మెకార్ట్నీ తీసిన ఫొటోల ప్రదర్శన ‘ఐస్ ఆఫ్ ది స్టార్మ్’ (తుపాను కళ్ళు) మొదలైంది. ఇది అక్టోబరు 1 వరకు ఉంటుంది. మన వేదికలో పాత సంగీతం మీద, ఫొటోగ్రఫీ మీద ఆసక్తి ఉన్నవారు చాలామంది ఉన్నారు కనుక, నేను చూసినదీ నాకు తోచినదీ కొంచెం వివరంగా రాస్తున్నాను.

1963 చివరి నుంచి 1964 ఫిబ్రవరి దాకా, అంటే బీటిల్స్ బృందం బ్రిటన్‌లో పేరు తెచ్చుకుని అమెరికాను గెలుచుకున్న మూడు నెలల పాటు, ఇరవై ఒక్క ఏళ్ళ మెకార్ట్నీ ఒక 35 మి.మీ. పెంటాక్స్ కెమెరాను వెంట తిప్పుకున్నాడు. అప్పుడు తీసిన వెయ్యికి దగ్గరగా ఉన్న ఫొటోలు దశాబ్దాల పాటు ఆయన భాండాగారంలో ఉండిపోయాయి. వాటిలో సుమారు 250 ఇప్పుడు గోడ మీదికి వచ్చాయి. గదులు ఊళ్ళ వరుసలో సాగుతాయి: లివర్‌పూల్, లండన్, పారిస్, న్యూయార్క్, వాషింగ్టన్, చివరికి మయామీ.

వెళ్ళేవాళ్ళందరూ బీటిల్స్ నలుగురి (మెకార్ట్నీ, జాన్ లెనన్, జార్జ్ హారిసన్, డ్రమ్ములు వాయించే రింగో స్టార్) ముఖాల కోసమే వెళ్తారు, అది సహజం. ఆ ముఖాలు అక్కడ ఉన్నాయి, చాలా దగ్గరగా ఉన్నాయి. జనం ముందు కళ్ళజోడు పెట్టుకోవడానికి ఇష్టపడని జాన్ లెనన్ ఇక్కడ దళసరి ఫ్రేము కళ్ళజోడుతో, ఎవరూ తనను చూడటం లేదన్న నిశ్చింతతో కూర్చుని ఉంటాడు. మేనేజరు బ్రయాన్ ఎప్‌స్టీన్, వాళ్ళ సామాను, దారి, భద్రత అన్నీ చూసుకున్న నీల్ ఆస్పినాల్, మాల్ ఎవాన్స్, రికార్డు నిర్మాత జార్జ్ మార్టిన్ అందరూ కనిపిస్తారు. లండన్‌లో అప్పటి ప్రియురాలు, నటి జేన్ ఆషర్ కుటుంబం ఇంట్లో ఉంటున్నప్పుడు మెకార్ట్నీ అద్దంలో చూసుకుంటూ తీసుకున్న స్వీయచిత్రాలు కూడా ఉన్నాయి.

అయినా నన్ను గంటసేపు పట్టి నిలిపినవి ఆ ముఖాలు కావు. కారు అద్దానికి ముఖాలు ఆనించిన అభిమానులు, విమానాశ్రయంలో వరుసగా నిలబడి కెమెరాలు ఎక్కుపెట్టిన పత్రికా ఫొటోగ్రాఫర్లు, న్యూయార్క్‌లో కారు వెనుక పరుగెత్తుకొస్తున్న జనం, రైలు పట్టాల పక్కన పని ఆపి తలెత్తి చూస్తున్న కార్మికుడు, మయామీలో మోటారుసైకిలు మీద ఉన్న పోలీసు నడుముకు వేలాడుతున్న తుపాకీ నన్ను నిలిపాయి. ఆ మూడు నెలల్లో భూమి మీద అతి ఎక్కువగా ఫొటోలు తీయించుకున్న నలుగురిలో ఒకడు, తనను తీస్తున్న వాళ్ళ వైపు తిరిగి కెమెరా ఎత్తాడు. ఆ నలుగురినీ తీసినవారు వందల మంది ఉన్నారు. ఆ నలుగురి కళ్ళకు లోకం ఎలా కనిపించిందో చూపగల స్థానం మాత్రం వాళ్ళకే ఉంది. ఈ ప్రదర్శన విలువ నాకు ప్రధానంగా అక్కడే కనిపించింది.

మిగతావారు ఏమంటారో వినాలని ఉంది.

పాతరికార్డు (విశాఖపట్నం)
10 జూలై 2023

థేమ్స్‌తీరం గారూ, మీ వివరణకు ధన్యవాదాలు. నేను ప్రదర్శన చూడలేదు కానీ దానితో పాటు వెలువడిన పుస్తకాన్ని పూర్తిగా చూశాను. బీటిల్స్ పాటల మీద నాకున్న ప్రేమ ఈ వేదికలో అందరికీ తెలుసు. అందుకే నా సందేహాన్ని దాచుకోకుండా చెప్తాను.

ఇందులో సగం ఫొటోలు, ఆ పేరు లేకపోతే, ఏ గ్యాలరీ గోడకూ ఎక్కేవి కావు. కొన్నింటిలో ఫోకస్ తప్పింది, కొన్నింటిలో చెయ్యి కదిలింది, కొన్నింటిలో మనుషుల తలలు చట్రం బయటికి పోయాయి. అదే కాలంలో అదే బృందాన్ని తీసిన వృత్తి ఫొటోగ్రాఫర్లను గుర్తు చేసుకోండి. పారిస్‌లో జార్జ్ ఫిఫ్త్ హోటల్ గదిలో నలుగురూ దిండ్లతో కొట్టుకుంటున్న ఫొటోను హ్యారీ బెన్సన్ తీశాడు. తమ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరిందన్న కబురు వచ్చిన రాత్రి అది. ఆ ఒక్క ఫొటోలో నాలుగు దేహాల కదలిక, నాలుగు స్వభావాలు, ఒక విజయం, అన్నీ ఉన్నాయి. అదే హోటల్లో మెకార్ట్నీ తీసిన వాటిలో అంతటి బిగువు ఉన్నది నాకు ఒక్కటీ దొరకలేదు.

ఒక ప్రజా గ్యాలరీ, అందులోనూ 1856 నుంచి ఉన్న జాతీయ సంస్థ, తన పునఃప్రారంభాన్ని ఇలాంటి పేరున్న వ్యక్తి ఫొటో ఆల్బమ్‌తో జరుపుకోవడం సరైన నిర్ణయమా అన్నది నా ప్రశ్న. చరిత్రపత్రంగా వీటి విలువను నేను కాదనడం లేదు. కళగా చూపుతున్నప్పుడు మాత్రం కొలబద్ద మారాలి.

తెనాలి స్టూడియో
10 జూలై 2023

పాతరికార్డు గారూ, ఫోకస్ విషయంలో ఒక మాట చెప్పాలి. డార్క్‌రూమ్‌లో చాలా ఏళ్ళు పనిచేసినవాణ్ణి కనుక ఈ ఫొటోలను ఆ కోణంలోనే చూస్తున్నాను.

వీటిలో అన్నింటికీ నెగెటివ్‌లు, అంటే కడిగిన అసలు ఫిల్ములు, మిగల్లేదు. తొలి రోజుల ఫొటోలు చాలావరకు కాంటాక్ట్ షీట్ల మీదే మిగిలాయి. ఈ తరం వారి కోసం కొంచెం వివరిస్తాను. ముప్పై ఆరు ఫొటోల ఫిల్ము రోలును కడిగి, ఆరేసి ముక్కలుగా కత్తిరించి, ఆ ముక్కలను నేరుగా ఒక బ్రోమైడ్ కాగితం మీద పరిచి, పైన గాజు పలక పెట్టి, లైటు వేసి ప్రింటు తీసేవాళ్ళం. ఒక్కో బొమ్మ నెగెటివ్ సైజులోనే, అంటే 24 మి.మీ. ఎత్తు, 36 మి.మీ. వెడల్పుతో పడేది. భూతద్దం పెట్టి చూసి, కావలసిన వాటికి మైనపు పెన్సిలుతో గుర్తు పెట్టి, వాటిని మాత్రమే పెద్ద ప్రింటు వేసేవాళ్ళం. కాంటాక్ట్ షీటు ఎంపిక కోసం వేసే కాగితమే తప్ప, దాన్నుంచి మళ్ళీ ప్రింటు తీస్తారని ఎవరూ అనుకునేవారు కాదు.

ఇప్పుడు అలాంటి కాగితం మీది బొమ్మను స్కాన్ చేసి 60 సెంటీమీటర్ల ఎత్తుకు బ్లోఅప్ చేశారనుకుందాం. అది ఇరవై అయిదు రెట్లు. నెగెటివ్‌లో ఉన్న వివరం కాగితం మీదికి వచ్చేటప్పటికే కొంత పోతుంది. నీడల్లో ఉన్న తేడాలు కలిసిపోయి నల్లగా మారతాయి, కాగితం నార కూడా బొమ్మలో భాగమైపోతుంది. కాబట్టి మీరు ఫోకస్ తప్పిందనుకున్న వాటిలో కొన్ని, తీసినప్పుడు నిఖార్సుగానే ఉండి ఉండవచ్చు. ఆ మెత్తదనంలో ఎంత భాగం లెన్సుదో, ఎంత భాగం కాగితానిదో గోడ మీది ప్రింటు చూసి చెప్పడం కష్టం.

వెలుతురు సంగతి కూడా ఉంది. డ్రెస్సింగ్ రూములు, హోటల్ గదులు, రాత్రి వేళ కార్లు. ఫ్లాష్ లేకుండా అలాంటి చోట తీయాలంటే లెన్సు పూర్తిగా తెరవాలి, ఫిల్ము మీదికి వెలుతురు వదిలే షట్టరు వేగాన్ని సెకనులో ముప్పయ్యో వంతుకు దించాలి. లెన్సు అంతగా తెరిస్తే కళ్ళు ఫోకస్‌లో ఉన్నప్పుడు చెవులు ఉండవు. ఆ వేగంలో మనిషి నవ్వితే చాలు, బొమ్మ కదులుతుంది. ఫ్లాష్ వాడి ఉంటే అన్నీ గీతగీసినట్టు వచ్చేవి. జాన్ లెనన్ మాత్రం ఆ కళ్ళజోడును వెంటనే తీసేసి ఉండేవాడని నా నమ్మకం.

థేమ్స్‌తీరం (లండన్)
11 జూలై 2023

తెనాలి స్టూడియో గారు చెప్పినదానితో నాకు గదుల్లో కలిగిన ఒక అనుభవం అర్థమైంది. లివర్‌పూల్, లండన్ గదుల్లో బొమ్మలు పొగమంచులో ఉన్నట్టు ఉంటాయి. అమెరికాకు చేరేసరికి అంచులు తేటపడతాయి. మయామీ గదిలోకి అడుగు పెట్టగానే ఒక్కసారిగా రంగులు వస్తాయి, ఎందుకంటే అక్కడ ఆయన రంగు ఫిల్ము వాడాడు. నీలం నీళ్ళు, ఎర్రబడ్డ భుజాలు, జార్జ్ హారిసన్‌కు పానీయం అందిస్తున్న పసుపుపచ్చ ఈతదుస్తుల అమ్మాయి. ఆ అమ్మాయి ముఖం చట్రంలో లేదు. పాతరికార్డు గారు తలలు బయటికి పోయాయన్నది ఇలాంటివాటినే కావచ్చు. నాకు అది లోపంగా తోచలేదు. ఆ వయసు కుర్రవాడి చూపు ఎక్కడ ఆగిందో ఆ చట్రం నిజాయితీగా చెప్తున్నది. దాన్ని మెచ్చుకోవాలా, నొచ్చుకోవాలా అన్నది వేరే ప్రశ్న. నాకైతే రెండూ కలిగాయి.

మీ ప్రధాన ప్రశ్నకు నా సమాధానం ఇది. హ్యారీ బెన్సన్ ఫొటో గొప్పదే, అందులో సందేహం లేదు. అయితే ఆ నలుగురూ బెన్సన్ గదిలో ఉన్నాడని తెలిసి దిండ్లు ఎత్తారు. మెకార్ట్నీ కెమెరా ముందు వాళ్ళు ఏమీ చేయరు. సిగరెట్టు కాలుస్తారు, పేపరు చదువుతారు, విసుగ్గా కిటికీలోంచి చూస్తారు. ఏమీ చేయకుండా ఉండగలగడం ఆ మూడు నెలల్లో వాళ్ళకు ఎంత అరుదుగా దక్కిందో తలచుకుంటే, బిగువు లేని ఆ ఫొటోలే నాకు ఎక్కువ విలువైనవిగా తోస్తాయి.

మసకవెలుగు (బెంగళూరు)
13 జూలై 2023

చర్చ బాగా సాగుతున్నది. ఈ బృందాన్ని ఫొటోలు తీసినవారి వరుసను జతచేస్తాను, దానిలో పెట్టి చూస్తే ఈ ఫొటోలు ఇంకా బాగా అర్థమవుతాయి.

1960లో హాంబర్గ్‌లో, పేరు ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో, ఈ బృందాన్ని ఆస్ట్రిడ్ కిర్హెర్ అనే జర్మన్ యువతి ఫొటోలు తీసింది. సగం ముఖం వెలుగులో, సగం నీడలో ఉండేలా తీసిన ఆమె పద్ధతి ఆ కుర్రవాళ్ళకు చాలా నచ్చింది. 1963 ఆగస్టులో రాబర్ట్ ఫ్రీమన్ బోర్న్‌మత్‌లోని ఒక హోటల్లో, కిటికీలోంచి పక్కగా పడుతున్న వెలుతురులో, నల్లటి స్వెటర్లు వేసుకున్న నలుగురినీ తీసినప్పుడు ఆ హాంబర్గ్ ఫొటోలే ఆదర్శం. అది వాళ్ళ రెండవ ఆల్బమ్ అట్ట మీద నవంబరు 22న బయటికి వచ్చింది. పాప్ గాయకులను పళ్ళు కనిపించేలా నవ్వించి, రంగురంగుల నేపథ్యంలో నిలబెట్టే కాలంలో, నవ్వు లేని నాలుగు అర్ధముఖాలను అట్టగా వేయడానికి రికార్డు కంపెనీలో అందరూ సులువుగా ఒప్పుకోలేదు.

ఆ అట్ట వెలువడిన కొద్ది వారాలకు ఈ ఫొటోలు మొదలవుతాయి. అంటే మెకార్ట్నీ కెమెరా పట్టుకునేసరికి, పక్కవెలుతురు అంటే ఏమిటో, ముఖంలో సగం దాస్తే ఏమవుతుందో, కెమెరా ముందు కూర్చుని నేర్చుకున్నాడు. కిటికీ పక్కన తీసిన ఆయన ఫొటోల్లో ఆస్ట్రిడ్ ఛాయ నాకు స్పష్టంగా కనిపిస్తుంది. అంత మంది మంచి ఫొటోగ్రాఫర్ల ఎదుట కూర్చోవడం ఏ కళాశాలలోనూ దొరకని చదువు.

ఆ తరువాతి కథ కూడా ఫొటోగ్రఫీదే. ఆయన పెళ్ళాడిన లిండా ఈస్ట్‌మన్ వృత్తి ఫొటోగ్రాఫర్. 1968 మే 11 నాటి రోలింగ్ స్టోన్ అనే అమెరికన్ సంగీత పత్రిక ముఖచిత్రంగా ఆమె తీసిన గిటారు వాద్యకారుడు ఎరిక్ క్లాప్టన్ ఫొటో వచ్చింది. ఆ పత్రిక ముఖచిత్రం తీసిన తొలి మహిళ ఆమె. 2018లో ఆమె ఫొటోలు 63 లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి కుటుంబం నుంచి కానుకగా చేరాయి. లండన్ వెళ్ళేవారు ఆ మ్యూజియంలోని ఫొటోగ్రఫీ విభాగం కూడా చూడండి. నా దృష్టిలో లిండా భర్తకంటే చాలా మెరుగైన ఫొటోగ్రాఫర్, ఆ మాట ఈ ప్రదర్శన సందర్భంలో గట్టిగా చెప్పవలసిన అవసరం ఉంది.

పాతరికార్డు (విశాఖపట్నం)
13 జూలై 2023

లిండా విషయంలో మసకవెలుగు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా అభ్యంతరం కొంత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. సామాన్యుడు తీసిన ఫొటోలు అట్టపెట్టెల్లో పాడైపోతాయి, ప్రసిద్ధుడివి మాత్రం మెత్తటి కాంటాక్ట్ షీటు నుంచి కూడా బ్లోఅప్ అయి గోడకెక్కుతాయి. వాషింగ్టన్ కొలీజియంలో 1964 ఫిబ్రవరి 11న జరిగిన కచేరీని పద్దెనిమిదేళ్ళ మైక్ మిచెల్ తీసిన ఫొటోలు 2011లో వేలానికి వచ్చేదాకా లోకానికి దాదాపు తెలియవు. ఆ వేదిక నడిమధ్యలో ఉండేది, నాలుగు వైపులా ప్రేక్షకులు కూర్చునేవారు. పాటల మధ్యలో రింగో డ్రమ్ములను తిప్పుకుని మరో వైపుకు మళ్ళవలసి వచ్చింది. ఆ రాత్రి గురించి పాడుతున్నవాడి కెమెరా ఏమీ చెప్పలేదు, ఎందుకంటే ఆయన చేతిలో గిటారు ఉంది. కింద నిలబడిన ఆ పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు చెప్పాడు. లోపలి చూపు గొప్పదని మనం అంటున్నప్పుడు దానికి అందనిది కూడా ఉందని గుర్తుంచుకుందాం.

కొత్తసభ్యురాలు (రెడింగ్)
22 జూలై 2023

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి పన్నెండేళ్ళు, గిటారు నేర్చుకుంటున్నాడు. వాడిని తీసుకువెళ్ళవచ్చునా, లేక విసుగుపడతాడా? పెద్దలు చెప్పగలరు.

థేమ్స్‌తీరం (లండన్)
22 జూలై 2023

తప్పకుండా తీసుకువెళ్ళండమ్మా. ఈ ప్రదర్శనకు టికెట్టు ఉంది, శనాదివారాల్లో రద్దీ ఎక్కువ కనుక ముందే సమయం బుక్ చేసుకోండి. గ్యాలరీలోని శాశ్వత సేకరణకు మాత్రం ప్రవేశం ఉచితం. ఉత్తరం వైపు కొత్త ద్వారం మీద కళాకారిణి ట్రేసీ ఎమిన్ గీసిన 45 స్త్రీల ముఖాలు కంచు పలకల మీద ఉన్నాయి, లోపలికి వెళ్ళేటప్పుడు బాబుకు చూపండి. ప్రదర్శనలో వాడిని మొదటి గది నుంచి కాకుండా మయామీ రంగుల గది నుంచి వెనక్కి నడిపించినా నష్టం లేదు. చిన్నపిల్లలకు ఆ క్రమమే నచ్చుతుందని నాకు అనిపించింది.

హిమగిరి (డెహ్రాడూన్)
3 సెప్టెంబరు 2023

ఆలస్యంగా చూశాను. మన దేశంలో ఉన్నవారికి దీనికి దగ్గరి అనుభవం ఒకటి ఉంది. 1968 ఫిబ్రవరిలో బీటిల్స్ వచ్చిన రిషీకేశ్‌లోని మహర్షి మహేశ్ యోగి ఆశ్రమం, చాలాకాలం అడవిలో పాడుబడి ఉండి, 2015 డిసెంబరు నుంచి అటవీశాఖ ఆధ్వర్యంలో సందర్శకులకు తెరుచుకున్నది. స్థానికులు దాన్ని చౌరాసీ కుటియా అంటారు. ధ్యానం నేర్చుకోవడానికి ఆశ్రమానికి వచ్చిన, కెనడాకు చెందిన పాల్ సాల్ట్జ్‌మన్ అనే యువకుడు అప్పుడు అక్కడ బీటిల్స్‌ను తీసిన ఫొటోలు ప్రాంగణంలోని చిన్న గ్యాలరీలో ఉన్నాయి.

అది లండన్ గ్యాలరీ స్థాయి ప్రదర్శన కాదు. తేమకు గోడలు పాడయ్యాయి, వెలుతురు చాలదు. అయినా ఆ ఫొటో తీసిన చోటునే నిలబడి ఆ ఫొటోను చూడటం మరో రకమైన చదువు. 1964లో కారు అద్దం అవతల జనం ఉన్నారు. 1968లో ఆ అద్దం లేదు, ముందు ఒక మామూలు అపరిచితుడు కూర్చుని అడిగి ఫొటో తీసుకున్నాడు. థేమ్స్‌తీరం గారు రాసిన చూపుల లెక్క ఇక్కడ పూర్తిగా మారిపోతుంది. నాలుగేళ్ళలో ఆ ముఖాలు ఎంత మారాయో కూడా పోల్చుకోవచ్చు.

జెర్సీవాసి (న్యూజెర్సీ)
16 జూన్ 2024

పాత చర్చను మళ్ళీ పైకి తెస్తున్నందుకు మన్నించండి. ఈ ప్రదర్శన ఇప్పుడు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. మే 3న మొదలైంది, ఆగస్టు 18 దాకా ఉంటుంది. మీ అందరి మాటలూ చదివాకే వెళ్ళాను, అందుకు మీకు కృతజ్ఞతలు.

ఇక్కడి ప్రేక్షకులు న్యూయార్క్ గదిలో ఎక్కువసేపు నిలబడుతున్నారు. 1964 ఫిబ్రవరి 7న బీటిల్స్ దిగిన విమానాశ్రయానికి అమెరికా అధ్యక్షుడు కెనెడీ పేరు పెట్టి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. తెరిచిన కారులో ఊరేగింపుగా వెళ్తుండగా కెనెడీ హత్య జరిగి సరిగ్గా పదకొండు వారాలు. రెండు రోజుల తరువాత టీవీలో ఎడ్ సలివన్ కార్యక్రమంలో వాళ్ళను సుమారు 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. ఆ గదిలో నా పక్కన నిలబడిన ఒక పెద్దావిడ తన మనుమరాలికి ఆ రోజుల సంగతి చెప్తూ, ఊరేగింపు చూస్తే సంతోషం వేసిందనీ, తెరిచిన కారు చూస్తే భయం వేసిందనీ అన్నారు. అది విన్నాక మయామీ పోలీసు తుపాకీ ఫొటో నాకు వేరే రకంగా కనిపించింది. ఇంగ్లండులో పోలీసు నడుముకు తుపాకీ చూడని కుర్రవాడికి అది వింత వస్తువు. ఇక్కడివారికి ఆ చలికాలంలో అది గాయం.

మ్యూజియం నుంచి బయటికి వచ్చాక, మరో రోజు, 58వ వీధి, ఆరో అవెన్యూ కలిసే చోటుకు వెళ్ళాను. కారు వెనుక జనం పరుగెత్తుకొస్తున్న ఫొటో అక్కడిదే. బీటిల్స్ బస చేసిన ప్లాజా హోటల్ దగ్గరలోనే ఉంది. చాలా భవనాలు మారాయి కానీ వీధి వెడల్పు, దూరంగా ముడుచుకుపోయే గీత అలాగే ఉన్నాయి. తెనాలి స్టూడియో గారిని ఒకటి అడగాలని ఉంది. కదులుతున్న కారు వెనుక అద్దంలోంచి తీసిన ఆ ఫొటోలో మనుషులు అంత తేటగా ఎలా వచ్చారు? మిగతా చోట్ల గదిలో కూర్చున్నవారే కదిలిపోయారు కదా.

తెనాలి స్టూడియో
17 జూన్ 2024

మంచి ప్రశ్న. పగటి వెలుతురు మొదటి కారణం. బయట వెలుతురు బాగా ఉంటే షట్టరును సెకనులో రెండువందల యాభయ్యో వంతు, ఇంకా పైకి కూడా పెట్టుకోవచ్చు, లెన్సు తెరుపును చిన్నది చేసి దగ్గరా దూరమూ రెండూ ఫోకస్‌లో ఉంచుకోవచ్చు. మనుషులు కెమెరాకు అడ్డంగా కాక ఎదురుగా పరుగెత్తి వస్తున్నారన్నది రెండవ కారణం. అడ్డంగా పరుగెత్తేవాడు ఫిల్ము మీద ఆ చివర నుంచి ఈ చివరకు జారతాడు. ఎదురుగా వచ్చేవాడు ఉన్నచోటే కొద్దిగా పెద్దవాడవుతాడంతే. కారు కూడా అదే దిశలో ముందుకు పోతున్నది కనుక, వాళ్ళకూ కెమెరాకూ మధ్య దూరం పెద్దగా మారదు. అందువల్ల పరుగు అంతా ఆ కాళ్ళలో, చేతుల్లో కనిపిస్తుంది కానీ బొమ్మ చెదరదు.

పాతరికార్డు గారు అడిగిన బిగువు ఆ ఫొటోలో ఉందని నేను అంటాను. దాన్ని వృత్తి ఫొటోగ్రాఫర్ ఎవరూ తీయలేరు, ఎందుకంటే ఆ సమయంలో వాళ్ళందరూ ఆ కారు వెనుకే పరుగెత్తుతున్నారు.

పాతరికార్డు (విశాఖపట్నం)
17 జూన్ 2024

ఆ ఒక్క ఫొటో విషయంలో ఒప్పుకుంటున్నాను మాస్టారూ. పుస్తకంలో దాన్ని మళ్ళీ తీసి చూశాను. పరుగెత్తేవారిలో కెమెరాలు పట్టుకున్నవారు కూడా ఉన్నారు. వాళ్ళు తీసినవి ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే, వాటిని దీని పక్కన వేలాడదీసే ప్రదర్శన కోసం నేను లండన్ దాకా వస్తాను.